దుబాయ్ బయల్దేరుతున్న మన ఉద్దానం కుర్రాళ్లకు: ముందు ఫోన్ సంగతి చూసుకోండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి వెల్డింగుకో, ఫిట్టర్ పనికో యూఏఈ వచ్చే తమ్ముళ్లు బయల్దేరే ముందు నాకు ఫోన్ చేస్తుంటారు. రూమ్ ఎలా ఉంటుంది, తిండికి ఎంతవుతుంది, ఓటీ (ఓవర్‌టైమ్) ఎన్ని గంటలు దొరుకుతుంది అని అడుగుతారు. ఫోన్ గురించి మాత్రం ఎవరూ అడగరు. అది అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. నేను చూసినంతలో మొదటి మూడు నెలల్లో ఎక్కువమంది ఇరుక్కునేది దాని దగ్గరే. నేనూ ఇరుక్కున్నాను.

వచ్చిన కొత్తలో నా ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేసుకున్నాను. ఇక్కడి సిమ్ ఉంది కదా, దానికి రీచార్జ్ దండగ అనుకున్నాను. కొన్ని నెలలకు ఇంట్లో నాన్నకు బాగోలేక డబ్బు అవసరమైంది. ఖాతాలో డబ్బుంది, యాప్ తెరుచుకుంటోంది, ఓటీపీ మాత్రం రావడం లేదు. నంబరు మూసేశారని అప్పుడు తెలిసింది. కస్టమర్ కేర్ వాళ్లు స్వయంగా స్టోరుకు రమ్మన్నారు, బ్యాంకు వాళ్లు బ్రాంచికి రమ్మన్నారు. నాకు సెలవు దొరికింది పద్నాలుగు నెలల తర్వాత. ఈలోగా ఆ నంబరు ఇంకెవరి చేతికో వెళ్లిపోయింది. మా అమ్మ అలవాటుగా పాత నంబరుకే చేసి, ‘ఏటి నాయనా, గొంతు మారిపోయిందేటి?’ అని అడిగిందట ఆయన్ని. ఆ పూట నాన్నకు డబ్బు కట్టింది మా చిన్నాన్న, అప్పు తెచ్చి.

మన దేశంలో టెలికాం కంపెనీలకు నిబంధనలు పెట్టే ట్రాయ్ చెప్పిన ప్రకారం, 90 రోజుల పాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే ఆ ప్రీపెయిడ్ నంబరును కంపెనీ మూసేయవచ్చు. బ్యాలెన్స్ కనీసం 20 రూపాయలుంటే ఆ 20 కోసుకుని మరో 30 రోజులు ఉంచాలి. మూసేసిన నంబరును ఇంకో 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, గ్యాస్ బుకింగ్, వాట్సాప్ అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. నంబరు ఎక్కడుంటే మనిషీ అక్కడే ఉంటాడన్న లెక్కతో పెట్టుకున్న పద్ధతులివి. మా ఊళ్లో చాలా ఇళ్లలో మనిషి ఒక దేశంలో, నంబరు ఇంకో దేశంలో ఉంటారు. మా సంగతి ఈ కంపెనీలు ఒక్కసారైనా ఆలోచించాయని నాకు అనిపించదు.

2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ దాదాపు ఒకేసారి రేట్లు పెంచాయి. నంబరు బతికి ఉంటే చాలనుకునే మనం కూడా వాడని డేటాకు డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది డిసెంబరులో ట్రాయ్, కాల్స్‌కూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా విడిగా పెట్టాలని, ప్యాక్ గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని చెప్పింది. 2025 జనవరి నుంచి అలాంటి ప్యాక్‌లు వచ్చాయి. ఇది మనకు చాలా మేలు చేసిన మార్పు. కానీ రీచార్జ్ కొట్టులో తమంతట తాము చెప్పరు, యాప్‌లోనూ పైన కనపడదు. డేటా లేని ఏడాది ప్యాక్ అని మీరే అడిగి వేయించుకోండి.

బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఇండియా సిమ్‌ను ఒక స్లాట్‌లో ఉంచేయండి. డేటా రోమింగ్ మాత్రం తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి. ఆ సిమ్‌కు వచ్చే కాల్ ఎత్తకండి, ఎత్తితే మీకే డబ్బు పడుతుంది. మెసేజ్ రావడానికి చాలా కంపెనీలు ఏమీ తీసుకోవు, మనకు కావలసింది అదే.

ఇంకో దారి కూడా ఉంది. విదేశంలో ఉద్యోగానికి వచ్చాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్లకు ఇండియాలో ఉండే ఖాతా) మార్చుకోవాలి, ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి ఎన్ఆర్ఈ అనే ఇంకో రకం ఖాతా తెరుచుకోవచ్చు. ఈ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది. మొదట అనుమతించిన పది దేశాల్లో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. మీ బ్యాంకులో ఇది నడుస్తుందో లేదో ఊళ్లో ఉండగానే బ్రాంచికి వెళ్లి కనుక్కోండి.

ఇక యూఏఈ సంగతి. ఇక్కడ మొబైల్ కంపెనీలు రెండే, ఎటిసలాట్ (ఇప్పుడు దాని పేరు e&), డు. వర్జిన్ పేరు కూడా కనిపిస్తుంది కానీ అది డు వాళ్లదే. నెట్‌వర్క్ విషయంలో వంక పెట్టను, ఎడారి సైటులో కూడా సిగ్నల్ చక్కగా వస్తుంది. రేట్లు మాత్రం మన ఊరి లెక్కలో చూస్తే గుండె జారుతుంది. ప్రీపెయిడే తీసుకోండి. కాంట్రాక్టు ప్లాన్ మధ్యలో మానేస్తే పెనాల్టీ కట్టాలి. సిమ్ మీ ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) మీద ఉంటుంది కాబట్టి, రూమ్మేట్ ఎంత మంచివాడైనా మీ పేరు మీద ఇంకో సిమ్ తీసి ఇవ్వకండి.

వచ్చిన మొదటి రాత్రి అందరూ చేసే పని ఇంటికి వాట్సాప్ వీడియో కాల్. అది కలవదు. మెసేజ్ వెళుతుంది, వాయిస్ రికార్డ్ చేసి పంపితే వెళుతుంది, కాల్ మాత్రం ఇక్కడ బ్లాక్. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లతోనే మాట్లాడుకోవాలి, అదే యాప్ అవతలివాళ్ల ఫోన్‌లోనూ ఉండాలి. అందుకే చెబుతున్నాను, విమానం ఎక్కే ముందే అమ్మ ఫోన్‌లో, భార్య ఫోన్‌లో అది వేసి, ఒకసారి చేసి చూపించండి. ఇక్కడి నుంచి ఫోన్‌లో చెప్పి వేయించడం చాలా కష్టం. నెలకు వెయ్యి, పన్నెండు వందల దిర్హామ్‌లకు పనిచేసే మనిషి తన పిల్లల ముఖం చూసుకోవడానికి కూడా అడ్డు పెట్టడం అన్యాయమని నేను ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

వాట్సాప్ కాల్ కలవాలంటే వీపీఎన్ (ఐపీ అడ్రస్ అంటే నెట్‌లో మన ఫోన్ చిరునామా మార్చి, వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) వేసుకో అని క్యాంపులో ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. నేరం చేయడానికో, చేసింది దాచడానికో ఐపీ అడ్రస్ మార్చినవాళ్లకు ఇక్కడి చట్టంలో 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా ఉంది, జైలు కూడా. ఇంటికి కాల్ చేసుకోవడం దాని కిందికి వస్తుందా రాదా అని కోర్టులో వాదించుకునే స్థోమత మనకు లేదు.

డబ్బు పంపే యాప్‌లలో ‘ఫీజు లేదు’ అన్న మాట చూసి పొంగిపోకండి. దిర్హామ్‌కు ఎన్ని పైసలు తక్కువ ఇస్తున్నారో చూడండి, ఫీజు అందులోనే ఉంటుంది. వెయ్యి దిర్హామ్‌లకు ఇంట్లో చేతికి ఎన్ని రూపాయలు అందుతాయన్నది ఒక్కటే లెక్క.

పోలీసులమని, ఐడీ అప్‌డేట్ అని ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే కాల్ కట్ చేసేయండి. ఇండియాలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930 అని ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి. ఇక్కడ జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా సలహాకు మన భారత ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, 80046342. ఫోన్ చేయడానికి డబ్బు పడదు.

చివరిగా ఇంటి వైపు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, ఇంట్లో ఉన్న రెండు ఫోన్లూ ఒకే కంపెనీవి. నాలుగు రోజులు ఎవరి గొంతూ వినలేదు. కొబ్బరి చెట్లన్నీ నేలకొరిగిన ఫొటోలు వాట్సాప్‌లో వస్తున్నాయి, మా ఇల్లు ఎలా ఉందో తెలియదు. ఐదో రోజు పక్క వీధి తమ్ముడు వేరే కంపెనీ సిమ్‌తో డాబా ఎక్కి చేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఒక పవర్ బ్యాంకు ఉంటాయి. సెప్టెంబరు రాగానే ఆ పవర్ బ్యాంకు నింపి పెట్టమని గుర్తు చేస్తాను. మీరూ బయల్దేరే ముందు అవి కొనిపెట్టి, పక్కింటివాళ్ల నంబరు, ఊరికి దూరంగా పలాసలోనో శ్రీకాకుళంలోనో ఉండే బంధువు నంబరు ఒక కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు కవర్‌లో పెట్టుకోండి.