ఒక్కరే గేమ్ చేస్తుంటే: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు, ఏం చేయాలి

ఒంటరిగా వీడియో గేమ్ తయారుచేస్తుంటే, అది ముందుకు సాగనప్పుడు అనుమానం ముందు ఇంజిన్ మీదకే, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీదకే పోతుంది. నాదీ అలాగే పోయింది. రెండేళ్లలో మూడు ఇంజిన్లు మార్చాను, ఒక్క గేమూ పూర్తి కాలేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట అయింది. కింద రాసినవన్నీ నాకో, నాలాంటివాళ్లకో ఎదురైనవే. వరసగా చదవక్కర్లేదు, మీకు కనిపిస్తున్న లక్షణం దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఆరు నెలలైంది, ఆడటానికి ఇంకా ఏమీ లేదు

మెనూ ఉంది. సెట్టింగ్స్‌లో సౌండ్ తగ్గించే స్లైడర్ ఉంది. నలభై పేజీల కథ ఉంది. కానీ "ఇదిగో, ఆడి చూడు" అని ఎవరి చేతికీ ఇవ్వలేరు.

కారణం బద్ధకం కాదు. తెలిసిన పనులు ముందు చేసుకుంటూ అసలు ప్రశ్నను వెనక్కి నెట్టేయడం. ఈ ఆటలో పదే పదే చేసే పని సరదాగా ఉందా అన్నదే ఆ ప్రశ్న. నా మొదటి గేమ్‌లో పగలూ రాత్రీ మారేవి, చెట్ల నీడలు కదిలేవి, హీరో కత్తి మాత్రం ఎవరికీ తగిలేది కాదు. నాలుగో నెలలో తగిలించాను. తగిలినా మజా రాలేదు. ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసి ఉండాల్సింది.

పరిష్కారం: ఒక్క గది, ఒక్క పని. దూకడమో, కొట్టడమో, పేర్చడమో ఏదో ఒకటి. బొమ్మల బదులు బూడిదరంగు డబ్బాలు పెట్టండి. రెండు వారాలు గడువు. డబ్బాలతో ఆడినప్పుడు ఇంకోసారి ఆడదామనిపించకపోతే బొమ్మలు వేశాక కూడా అనిపించదు.

స్టార్‌డ్యూ వ్యాలీ అంత పేరున్న గేమ్‌ను ఒక్కడే చేశాడు కదా అని వాదించే స్నేహితుడు ఒకడు ప్రతి ఒక్కరికీ ఉంటాడు. నిజమే, ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. ఆ నాలుగేళ్లు మీ దగ్గర ఉన్నాయా అన్నది వేరే లెక్క. మొదటి గేమ్‌కు కొలతగా 2013 నాటి ఫ్లాపీ బర్డ్‌ను పెట్టుకోండి: ఒక పిట్ట, కొన్ని పైపులు, ఒక వేలు. లేదా ఒక గేమ్ జామ్‌లో, అంటే గడువులోపు గేమ్ చేసే పోటీలో దిగండి. 2002లో మొదలైన లూడమ్ డేర్‌లో 48 గంటల విభాగం ఒంటరిగా చేసేవాళ్ల కోసమే పెట్టారు. రెండు రోజుల్లో పూర్తి చేసిన చెత్త గేమ్ నేర్పినంత, రెండేళ్లు సాగిన గొప్ప గేమ్ నేర్పదు.

ఇంజిన్ మారిస్తే అంతా సర్దుకుంటుందనిపిస్తోంది

సాధారణంగా ఇది గేమ్‌లో కష్టమైన భాగం మొదలైన వారంలోనే అనిపిస్తుంది. పరీక్ష చిన్నది: ప్రస్తుత ఇంజిన్‌తో చేయలేని పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే మార్చకండి.

లైసెన్స్, ఖర్చు మాత్రం న్యాయమైన కారణాలే. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ అనే ఇంజిన్ కంపెనీ, గేమ్ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయితే అంత లెక్కన రుసుము ప్రకటించినప్పుడు చాలామంది ఎంఐటీ లైసెన్స్‌తో, అంటే దాదాపు షరతుల్లేకుండా, ఉచితంగా దొరికే గోడో ఇంజిన్ వైపు చూశారు. ఏడాది తర్వాత యూనిటీ ఆ రుసుమును రద్దు చేసుకుంది. ఎలాగూ మారాలనుకుంటే ఒక గేమ్‌కూ ఇంకో గేమ్‌కూ మధ్య మారండి, గేమ్ మధ్యలో వద్దు.

ట్యుటోరియల్ చూస్తే అర్థమవుతుంది, ఖాళీ ప్రాజెక్టు తెరిస్తే చెయ్యి కదలదు

వీడియోలో నిర్ణయాలన్నీ అవతలివాడే తీసుకున్నాడు, మీరు టైపు మాత్రమే చేశారు. వీడియో అయిపోయాక మూసేసి, అదే ప్రాజెక్టులో అతను చెప్పని మూడు మార్పులు చేయండి: రెండుసార్లు దూకడం, ఎదురు తిరిగే శత్రువు, ప్రాణాల లెక్క. మూడూ అయ్యేదాకా తర్వాతి వీడియో తెరవద్దు.

నా కంప్యూటర్‌లో బాగుంది, ఫ్రెండ్ కంప్యూటర్‌లో హీరో రాకెట్‌లా పోతున్నాడు

దాదాపు అందరూ ఒకసారి ఈ గుంతలో పడతారు. కోడ్‌లో "ప్రతి ఫ్రేమ్‌కూ 5 పిక్సెళ్లు జరుపు" అని రాసి ఉంటారు. ఫ్రేమ్ అంటే తెర మీద ఒక్కసారి గీసే బొమ్మ, పిక్సెల్ అంటే తెర మీది ఒక చుక్క. మీ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తే హీరో సెకనుకు 300 పిక్సెళ్లు నడుస్తాడు. ఫ్రెండ్‌ది 144 అయితే 720. తప్పు ఫ్రెండ్ కంప్యూటర్‌ది కాదు.

పరిష్కారం: వేగాన్ని సెకనుకు ఇంత అని రాసి, డెల్టాతో, అంటే గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో గుణించండి. 300 గుణకారం డెల్టా. ఇప్పుడు ఏ మానిటర్ మీదైనా 300 పిక్సెళ్లే.

ఇక్కడే ఇంకో గుంత ఉంది. డెల్టా గురించి తెలిశాక దాన్ని అన్నిచోట్లా చల్లేస్తాం. గోడోలో హీరోను కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్ డెల్టాను తనే చూసుకుంటుంది. మీరు ఇచ్చే వేగాన్ని ముందే డెల్టాతో గుణిస్తే హీరో అరవయ్యో వంతు వేగంతో, అంటే నిలబడ్డాడా అనిపించేలా పాకుతాడు. మౌస్‌తో కెమెరా తిప్పేటప్పుడూ గుణించకూడదు. మౌస్ ఎంత కదిలిందో చెప్పే లెక్క ఆ ఫ్రేమ్‌కు సరిపడానే వస్తుంది.

సరిచేశాక ఫ్రేమ్ రేటును కావాలనే 30కి కట్టేసి ఆడండి. ఆట అదే వేగంతో సాగితే మీరు గట్టెక్కినట్టే.

బుల్లెట్ గోడలోంచి దూసుకుపోతోంది

సెకనుకు 3000 పిక్సెళ్ల బుల్లెట్, 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేమ్‌కు 50 పిక్సెళ్లు గెంతుతుంది. గోడ మందం 16. ఒక ఫ్రేమ్‌లో గోడకు ఇటు, తర్వాతి ఫ్రేమ్‌లో అటు. మధ్యలో అది గోడను తాకిన క్షణమే లేదు. పాత చోటు నుంచి కొత్త చోటుకు ఒక గీత వేసి మధ్యలో ఏదైనా అడ్డముందేమో చూడండి, దీన్నే రేకాస్ట్ అంటారు. లేదా ఇంజిన్‌లో కంటిన్యువస్ కొలిజన్ (రెండు ఫ్రేముల మధ్య దారిలోనూ ఢీకొనడాన్ని చూసే సౌకర్యం) ఆన్ చేయండి. లేదా గోడ మందం పెంచేయండి. సిగ్గుపడక్కర్లేదు, ఆడేవాళ్లు గోడ వెనక కొలిచి చూడరు.

"జంప్ నొక్కాను, వాడు దూకలేదు" అంటున్నారు

మీ కోడ్ చూస్తే తప్పేమీ ఉండదు. అంచు దాటి గాల్లోకి వచ్చాక నొక్కితే దూకకూడదని మీరే రాశారు. కానీ ఆడేవాళ్ల కంటికి వాళ్లింకా అంచు మీదే ఉన్నారు. రెండు మూడు ఫ్రేముల తేడాతో పడిపోయి, కంట్రోల్స్ బాగాలేవని తేల్చేస్తారు.

కాబట్టి వాళ్లకు కొంచెం మన్నింపు ఇవ్వండి. అంచు దాటాక కూడా దాదాపు 0.1 సెకను దాకా దూకనివ్వండి, దీని పేరు కయోటీ టైమ్. అలాగే నేలను తాకడానికి క్షణం ముందు నొక్కినా ఆ నొక్కుడు గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే దూకించండి. 2018లో వచ్చిన సెలెస్ట్ ఎంతో కష్టమైన గేమ్ అయినా చేతికి హాయిగా ఉండటంలో ఇలాంటి మన్నింపులకు పెద్ద వాటా ఉంది.

ఇలాంటివి మీకు మీరుగా ఎప్పటికీ కనిపించవు, ఎందుకంటే మీ వేలికి మీ గేమ్ అలవాటైపోయింది. గేమ్ చూడనివాళ్లను కూర్చోబెట్టి, మీరు వెనక నోరు మూసుకుని కూర్చోండి. నోరు మూసుకోవడమే కష్టం. నేనైతే మొదటిసారి రెండు నిమిషాలు కూడా ఆగలేక "అక్కడ కాదు, ఎడమవైపు" అనేశాను. పరీక్ష అక్కడితో పాడైపోయింది.

ఎడిటర్‌లో నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేస్తే నడవదు

ఎడిటర్ అంటే మీరు గేమ్ కట్టే ఇంజిన్ తెర, ఎక్స్‌పోర్ట్ అంటే ఆ ఎడిటర్ లేకుండా నడిచేలా గేమ్‌ను బయటికి తీయడం. మూడు చోట్ల వెతకండి.

బొమ్మలు కనిపించకపోతే ఫైల్ పేర్లు చూడండి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ లేదు గానీ ఫైల్ పేర్లలో ఉంది. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు, లినక్స్, ఆండ్రాయిడ్ పట్టించుకుంటాయి. గోడో ఎక్స్‌పోర్ట్ ప్యాకేజీ కూడా అంతే. ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లో పెట్టుకుంటే ఈ బాధ శాశ్వతంగా పోతుంది.

సేవ్ కాకపోతే ఎక్కడ రాస్తున్నారో చూడండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి ఎడిటర్ రాయనిస్తుంది. ఎక్స్‌పోర్ట్ అయిన గేమ్‌లో అది చదవడానికి మాత్రమే. గోడోలో యూజర్ దారికి, యూనిటీలో పర్సిస్టెంట్ డేటా పాత్‌కు మార్చండి.

బ్రౌజర్‌లో సౌండ్ రాకపోతే కంగారు వద్దు. ఆడేవాళ్లు ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు సౌండ్‌ను ఆపేస్తాయి. మొదట్లో "మొదలుపెట్టు" బటన్ పెడితే సరిపోతుంది.

నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయడం లేదు

గిట్ (ప్రాజెక్టులో మార్పుల చరిత్రను దాచే సాధనం) వాడుతుంటే బైసెక్ట్ కమాండ్‌తో వెతకండి, అది ఆ చరిత్రను సగం సగం చేస్తూ వెతుకుతుంది. 64 కమిట్లలో, అంటే దాచిన మార్పుల్లో, తప్పు ఎక్కడ దూరిందో ఆరు పరీక్షల్లో తేలుతుంది. వాడకపోతే ఇవాళే మొదలుపెట్టండి, "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" ఫోల్డర్లతో ఎన్నాళ్లో నడవదు. యూనిటీ అయితే లైబ్రరీ ఫోల్డర్‌ను గిట్‌లోకి రానివ్వకండి, దాన్ని ఇంజిన్ మళ్లీ తయారుచేసుకుంటుంది. గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. పెద్ద పాటలు, వీడియోలకు గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఉంది.

ప్రాజెక్టు తెరవబుద్ధి కావడం లేదు

అలసటైతే నిజంగానే సెలవు తీసుకోండి. చాలాసార్లు మాత్రం అది అలసట కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం. "శత్రువుల ఏఐ పూర్తి చేయాలి" అని రాసుకుంటే ఎవరికైనా భయమేస్తుంది. "శత్రువు గోడ తగలగానే వెనక్కి తిరగాలి" అని రాసుకుంటే అరగంట పని. రోజూ పని ముగించి లేచేముందు రేపటికి ఇలాంటిది ఒకటి రాసి పెట్టి లేవండి.

విడుదల చేశాను, ఎవరూ కొనలేదు

గేమ్ బాగాలేదని తేల్చేసుకునే ముందు, అది ఉందని ఎంతమందికి తెలుసో చూడండి. చాలామంది స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో, తమ గేమ్ పేజీని విడుదలకు కొద్దిగా ముందు పెడతారు. స్టీమ్ నిబంధన ప్రకారం "త్వరలో" పేజీ కనీసం రెండు వారాలుండాలి, 100 డాలర్ల రుసుము కట్టాక 30 రోజులు ఆగాలి. ఇవి కనీస గడువులే, సలహాలు కావు. ఆడి చూపించదగ్గ ఒక లెవెల్ సిద్ధం కాగానే పేజీ పెట్టేయండి, విష్‌లిస్టులు (తర్వాత కొనాలని గుర్తుపెట్టుకున్నవాళ్ల లెక్క) పేరుకోవడానికి నెలలు కావాలి. స్టీమ్ నడిపే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం, కాబట్టి డెమో నలుగురితో ఆడించాకే అందులో పెట్టండి. ట్రైలర్‌లో మీ స్టూడియో లోగోను చివరికి నెట్టి, మొదటి అయిదు సెకన్లలో ఆట చూపించండి.

మొదటి గేమ్‌కు స్టీమ్ తప్పనిసరేమీ కాదు. ఇచ్ డాట్ ఐఓ అనే సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు, అమ్మితే సైట్‌కు ఎంత వాటా ఇవ్వాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

కొన్నవాళ్లు తిరిగి ఇచ్చేస్తుంటే ముందు మీ గేమ్ ఎంతసేపట్లో అయిపోతుందో చూడండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. మీ గేమ్ గంటన్నరలో అయిపోతే కొందరు పూర్తి చేసి మరీ వెనక్కి ఇస్తారు. దానికోసం గేమ్‌ను సాగదీయకండి. ఆడినవాళ్లు సాగదీతను రివ్యూలో రాస్తారు, ఆ రివ్యూ మాత్రం వెనక్కి రాదు. ధర తగ్గించి చూడండి.