సెకండ్ హ్యాండ్ కారు: పార్కింగ్‌లోనే పావుగంట పరీక్ష

బెంగళూరులో పాత కారు చూస్తున్నారా? పెయింట్ మెరుపు చూసి మురిసిపోకండి. ఇక్కడి గుంతలూ హంపులూ కుదుపుల్ని మింగే సస్పెన్షన్‌ని ఎప్పుడో నమిలేసి ఉంటాయి.

కారు చదునైన చోట ఆపి, ముందు బానెట్ మూలల్ని, తర్వాత డిక్కీ మూలల్ని రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి సర్దుకోవాలి. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే ఆ ఊపుని అణచాల్సిన షాక్ అబ్సార్బర్ పోయినట్టే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఫోన్ టార్చ్‌తో చక్రం వెనక చూడండి. షాక్ అబ్సార్బర్ గొట్టం మీద నూనె జిడ్డుకి దుమ్ము పట్టి నల్లగా ముద్దకట్టి ఉంటే లీకు. నేను చూసిన ఒక కారుకి అప్పుడే వాటర్ వాష్ చేయించి పెట్టారు! అలాంటిదైతే కాస్త తిప్పొచ్చాక మళ్లీ చూడాలి.

ఇక బ్రేకులు. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే కొంచెం దిగాలి. దిగలేదంటే బూస్టర్ (మన తొక్కుడు బలాన్ని పెంచే భాగం) మీద అనుమానం. పెడల్ అదే పనిగా నేలదాకా జారిపోతుంటే మాత్రం టెస్ట్ డ్రైవ్‌కి కూడా వెళ్లొద్దు. అలాయ్ చక్రాలైతే సందుల్లోంచి బ్రేక్ ప్యాడ్ (డిస్క్‌ని నొక్కిపట్టే పలక) కనిపిస్తుంది. మందం 3 మి.మీ. లోపుంటే ప్యాడ్లు మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.