పాత పికప్ బండిలో వచ్చిపోయే మిస్సింగ్‌ను పట్టుకోవడం ఎలా

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు ఎక్కించుకుని బయలుదేరిన పాత పికప్ బండి కాజ టోల్ ప్లాజా దాటగానే తడబడటం మొదలుపెట్టి, కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు వగర్చి, తీరా విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ముందు నిలబెట్టేసరికి ఏమీ ఎరగనట్టు సాఫీగా తిరుగుతుంది. అస్తమానం మిస్సయ్యే, అంటే సిలిండర్లలో ఇంధనం సరిగా మండక తడబడే, ఇంజిన్‌ను బాగుచేయడం సులువు, ఎందుకంటే లోపం కళ్లెదుటే ఉంటుంది. వచ్చిపోయే మిస్సింగ్ సంగతి వేరు. అది లేని వేళ ఏ భాగాన్ని విప్పినా మనం చేసేది ఊహే అవుతుంది, ఆ ఊహకు నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు), ఫిల్టర్లు, పంపు కాలిబ్రేషన్ (పంపు ఇచ్చే డీజిల్ కొలతను సరిచేయడం) అంటూ వేలకు వేలు ఖర్చవుతాయి. అందుచేత ఈ పనిలో మొదట చేతిలోకి తీసుకోవలసినది పానా కాదు, ఒక చిన్న నోటు పుస్తకం.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా నాలుగు సిలిండర్ల పాత డీజిల్ పికప్‌ల గురించి, అంటే డీజిల్‌ను కొలిచి నాజిళ్లకు నెట్టే మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు ఉన్న బండ్ల గురించి. కామన్ రైల్ బండ్లకూ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందేవి), పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకూ పద్ధతి వేరు కనుక వాటిని చివరలో విడిగా ప్రస్తావిస్తాను.

ముందుగా అది నిజంగా మిస్సింగేనా అన్నది తేల్చుకోవాలి. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చితికిపోయినా, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగినా, క్లచ్ పట్టుతప్పినా బండి కుదుపుతుంది, ఆ కుదుపును చాలామంది మిస్సింగ్ అనుకుని పొరబడతారు. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి సైలెన్సర్ చివర అరచేతిని కొంచెం దూరంగా పెట్టి చూడండి. నిమిషానికి 750 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు సుమారు 25 సార్లు ఇంధనం మండుతుంది కనుక పొగ ఒకే ధారలా చేతికి తగులుతుంది. ఒక సిలిండర్ పని చేయకపోతే ఆ ధారలో సెకనుకు ఆరుసార్ల చొప్పున ఒక లోటు, ఒకే లయలో, స్పష్టంగా తెలుస్తుంది. లయ లేకుండా ఎప్పుడో ఒకసారి మొత్తం ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టయితే అది ఒక సిలిండర్ లోపం కాదు. నాలుగింటికీ కలిపి అందవలసిన డీజిలే అందడం లేదన్న మాట. ఈ రెండింటి తేడాను చెవితో పట్టగలిగితే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఇక నోటు పుస్తకం సంగతి. మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ చల్లగా ఉందా, బాగా వేడెక్కి ఉందా, బండిలో లోడు ఎంత ఉంది, ఏ గేరులో ఎంత వేగంతో వెళుతోంది, డీజిల్ ముల్లు ఎక్కడుంది, పొగ ఏ రంగులో వచ్చింది, ఎంతసేపటికి తగ్గింది అన్నవి రాయాలి. బండిని మరొకరు నడుపుతుంటే ఈ వివరాలను ఆయన చేతనే, ఆ పూటకు ఆ పూటే రాయించాలి. రెండు రోజుల తర్వాత అడిగితే "లోడు మీద కొడుతోందండీ" అనే ఒక్క మాట తప్ప మరేమీ గుర్తుండదు, ఆ ఒక్క మాటకు పది కారణాలు ఉండవచ్చు.

ఉదయం స్టార్టు చేయగానే డీజిల్ వాసన ఉన్న తెల్లపొగతో మిస్సయి, వేడెక్కాక సర్దుకుంటే నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మకుండా చుక్కలుగా కార్చడమో, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తగ్గడమో, గ్లో ప్లగ్‌లు (చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేయడానికి వేడినిచ్చేవి) ఉన్న బండిలో వాటిలో ఒకటి పోవడమో కారణం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్సయితే టాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) మరీ బిగుతుగా ఉండి వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. ముప్పావు గంట నడిచాక బలహీనపడి, ఆపి ట్యాంకు మూత తీయగానే గాలి పీల్చిన శబ్దం వచ్చి మళ్లీ బాగైతే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. దాన్ని శుభ్రం చేయడానికి పైసా ఖర్చు కాదు.

నా సొంత బండి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. రెండు నెలల పాటు అది వారానికి రెండుమూడుసార్లు దారిలో ఇబ్బంది పెట్టింది. ఒక షాపులో నాజిళ్లు సర్వీసు చేశారు, మరొక షాపులో పంపు దింపి కాలిబ్రేషన్ చేశారు, రెండుసార్లూ నాలుగు రోజులు బాగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. చివరికి విసిగి పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాక తెలిసినదేమిటంటే, మిస్సయిన ఏడుసార్లూ డీజిల్ ముల్లు సగం కంటే కిందనే ఉంది. షాపు నుంచి తెచ్చిన ప్రతిసారీ నేను ట్యాంకు నింపించుకుని బయలుదేరేవాణ్ని, బాగైనట్టు అనిపించిన ఆ నాలుగు రోజుల రహస్యం అదే. ట్యాంకులోకి దిగే డీజిల్ పీల్చే గొట్టాన్ని బయటకు తీసి వెలుతురుకు పెట్టి చూస్తే, దాదాపు మధ్యలో, తుప్పు పట్టిన చోట గుండుసూది దూరేంత బెజ్జం కనిపించింది. డీజిల్ మట్టం దానికంటే పైన ఉన్నంతకాలం ఆ బెజ్జం గుండా కూడా డీజిలే వచ్చేది. మట్టం దిగాక గాలి వచ్చేది.

గాలి చొరబడటం ఈ బండ్లలో అత్యంత సాధారణమైన లోపం, అత్యంత ఆలస్యంగా దొరికే లోపం కూడా. కారణం ఏమిటంటే ట్యాంకు నుంచి, డీజిల్‌ను పీల్చి ముందుకు పంపే ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో ఉండేది పీడనం కాదు, పీల్పు. అక్కడ రబ్బరు పైపు చీలినా, హోస్ క్లిప్ వదులైనా, బంజో బోల్టు (పైపును బిగించే, లోపల బోలుగా ఉండే బోల్టు) కింద కాపర్ వాషర్ నలిగినా డీజిల్ చాలావరకు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. పైన తడి లేదు కనుక అంతా బాగానే ఉందని అనుకుంటాం. దీన్ని పట్టుకోవడానికి ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక ప్లాస్టిక్ పైపును, డీజిల్‌కు తట్టుకునేదాన్ని, తాత్కాలికంగా బిగించి ఇంజిన్ నడపాలి. స్టార్టు చేసిన తొలి నిమిషంలో ఒకటి రెండు బుడగలు కనిపిస్తే పట్టించుకోనక్కరలేదు. తర్వాత కూడా బుడగలు వరుసగా సాగుతుంటే లోపం ఆ పైపుకూ ట్యాంకుకూ మధ్యనే ఉంది.

బుడగలు ఉన్నా లేకున్నా, అనుమానం తీరడానికి మరొక పరీక్ష చేయవచ్చు. శుభ్రమైన ఐదు లీటర్ల క్యాన్‌లో డీజిల్ పోసి, క్యాబిన్ వెనుక తొట్టిలో కదలకుండా కట్టి, ఫీడ్ పంపు పీల్చే పైపును, తిరుగు డీజిల్ వచ్చే రిటర్న్ పైపును రెండింటినీ అందులోకే పెట్టి, మిస్సింగ్ వచ్చే దారిలోనే బండి నడపాలి. పైపులు సైలెన్సర్‌కు తగలకుండా చూసుకోవాలి. బండి చక్కగా నడిస్తే పంపు, నాజిళ్లు, వాల్వులు అన్నీ నిర్దోషులు. తప్పు ట్యాంకులోనో దాని పైపుల్లోనో ఉంది. ఇంత చౌకగా ఇంత పెద్ద భాగాన్ని అనుమానం నుంచి తప్పించే పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం. పైపులు విప్పిన ప్రతిసారీ ఫిల్టర్ మీద గాలిని బయటకు వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురుగు పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేవరకు చేతి పంపు కొట్టి, స్క్రూ బిగించి, ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అలాగే ఎయిర్ తీయాలి.

డీజిల్‌లో నీరు, చెత్త సంగతి కొద్దిమాటల్లో చెప్పవచ్చు. ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ తిప్పి వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగుకు చేరి గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. ట్యాంకులో తేలే గుడ్డపీలిక గానీ రబ్బరు పెచ్చు గానీ పీల్చే గొట్టం మూతికి అడ్డుపడి, ఇంజిన్ ఆపగానే జారిపోయే సందర్భాలు కూడా ఉంటాయి. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే వెంటనే బాగవడం దాని గుర్తు.

లోటు ఒకే లయలో వినిపిస్తున్నప్పుడు ఏ సిలిండర్ అన్నది తేల్చాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా నాజిల్ మీద హైప్రెషర్ పైపు కలిసే నట్టును, చాలా బండ్లలో అది 17 నంబరు పానాకు వస్తుంది, అర చుట్టు వదులు చేయాలి. ఆ సిలిండర్ అప్పటివరకు పని చేస్తుంటే ఇంజిన్ శబ్దం వెంటనే కుంగి, బానెట్ కింద వణుకు పెరుగుతుంది. నట్టు బిగించగానే సర్దుకుంటుంది. వదులు చేసినా శబ్దంలో ఏ మార్పూ లేకపోతే దొరకవలసిన సిలిండర్ అదే. ఈ పని మిస్సింగ్ ఉన్న వేళలోనే చేయాలి, లేకపోతే నాలుగూ ఒకేలా జవాబిస్తాయి. నట్టు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, చేతిని మాత్రం ధారకు దూరంగా ఉంచాలి. ఆ పైపులోని డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గాయం సూది పొడిచినంతే కనిపించినా అది అత్యవసర వైద్యం అవసరమయ్యే గాయం, తెల్లవారాక చూద్దామని ఊరుకోకూడదు.

సిలిండర్ తెలిశాక నేరం నాజిల్‌దా, పంపుదా, ఇంజిన్‌దా అన్నది మిగిలిన ప్రశ్న. దీనికి నాజిళ్లను మార్చి చూడటం మంచి ఉపాయం. మూడో సిలిండర్ మిస్సవుతుంటే దాని నాజిల్‌ను ఒకటో సిలిండర్‌కు, ఒకటోదాన్ని మూడో సిలిండర్‌కు కొత్త కాపర్ వాషర్లతో బిగించాలి. మిస్సింగ్ ఒకటో సిలిండర్‌కు వెళితే నాజిల్ చెడింది. మూడోదాన్నే పట్టుకుని ఉంటే నాజిల్ సర్వీసుకు డబ్బు పెట్టనవసరం లేదు. పంపులో ఆ సిలిండర్‌కు చెందిన, డీజిల్‌ను బయటకు వదిలే డెలివరీ వాల్వునో, డీజిల్‌ను నొక్కి నెట్టే ఎలిమెంటునో, లేదా కంప్రెషన్‌నో చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమం ఇక్కడ మరీ ముఖ్యం. నాజిల్, ఫిల్టర్, టాపెట్లు ఒకే రోజు ముట్టుకుంటే బండి బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు కథ మొదటికొస్తుంది.

కంప్రెషన్ చూసే ముందు టాపెట్ గ్యాప్‌ను మీ బండి మాన్యువల్లో ఇచ్చిన కొలత ప్రకారం, అందులో చెప్పిన స్థితిలో, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) సరిచూడాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి మిస్సవుతుంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య పొర) కాలిందేమో అని అనుమానించాలి. రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీసి, ఆ తర్వాత స్టార్టు చేసి నీటిలో ఆగకుండా బుడగలు వస్తున్నాయా అని చూడటం, డీజిల్ వాసన లేని తెల్లటి ఆవిరి సైలెన్సర్ నుంచి వస్తోందా, నీరు తగ్గుతోందా అని గమనించడం ఇందుకు ఉపకరిస్తాయి. మే నెల ఎండలో నిండు లోడుతో నడిచే బండ్లలో నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను.

రోటరీ పంపు (తిరుగుతూ సిలిండర్లకు వంతులవారీగా డీజిల్ పంచే పంపు) ఉన్న బండ్లలో డీజిల్‌ను ఆపే సోలెనాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే వాల్వుకు) వెళ్లే ఒంటి తీగ మరొక దొంగ. దాని లగ్ (తీగ చివర బిగించే ముక్క) వదులైతే గోతిలో పడ్డప్పుడల్లా క్షణం పాటు నాలుగు సిలిండర్లూ ఆగి మళ్లీ అందుకుంటాయి. ఇంజిన్ తిరుగుతుండగా ఆ తీగను ఒక కర్రపుల్లతో అటూ ఇటూ కదిపి చూస్తే నిజం బయటపడుతుంది.

కామన్ రైల్ బండికి పైన చెప్పిన నట్టు వదులు చేసే పరీక్ష ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. దాని పైపుల్లో పీడనం వెయ్యి బార్ దాటవచ్చు. దానికి స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు చదవాలి, ఇంజెక్టర్ల (ఈ బండ్లలో డీజిల్ చిమ్మే భాగాల) నుంచి తిరిగి వచ్చే డీజిల్‌ను విడివిడి సీసాల్లో పట్టి పోల్చాలి. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో మొదట స్పార్క్ ప్లగ్‌లు, హెచ్‌టీ తీగలు (ప్లగ్‌లకు అధిక వోల్టేజిని చేరవేసేవి), ఆ వోల్టేజిని తయారుచేసే కాయిల్ చూడాలి. గ్యాస్‌ను వెలిగించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక అరిగిన ప్లగ్ పెట్రోలు మీద ఓర్చుకుని గ్యాస్ మీదనే ముందు మిస్సవుతుంది.

మరమ్మతు అయ్యాక ఆటోనగర్ రోడ్లలో ఖాళీ బండితో ఒక చుట్టు తిరిగి డబ్బులు చెల్లించడం నాకు నచ్చదు. పుస్తకంలో ఉన్న పరిస్థితినే మళ్లీ కల్పించాలి: అదే లోడు, అదే దారి, ముల్లు అదే చోట. నా బండికి కొత్త గొట్టం వేసిన తర్వాత ట్యాంకును పావు వంతుకు దిగనిచ్చి, నిండు లోడుతో రెండుసార్లు వారధి ఎక్కించాకే పారదర్శక పైపును తీసి అసలు రబ్బరు పైపు బిగించాను. విప్పిన నట్లు, క్లిప్‌లు వంద కిలోమీటర్ల తర్వాత ఇంకొకసారి తడిమి చూసుకోవాలి.