నిన్నటిదాకా తిరిగిన నేలే, ఇవాళ కుక్కకు భయమెందుకు?

మా జానీ ఏడేళ్ల లాబ్రడార్. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి హాల్లో దొర్లి దొర్లి పెరిగినవాడు. పోయిన మే నెలలో ఒకరోజు పొద్దున్నే వంటింట్లోంచి హాల్లోకి రాకుండా గడప దగ్గరే ఆగిపోయాడు. పిలిస్తే తోక ఊపుతాడు, ముందు కాలు ఎత్తుతాడు, మళ్లీ వెనక్కి తీసేసుకుంటాడు. మా అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చారు. మా ఆయన మొండికేశాడంటూ మెడ బెల్టు పట్టి లాగారు. నేనేమో టైల్స్ మీద జారి ఉంటాడులే అనుకున్నాను. ముగ్గురం పొరబడ్డాం.

కుక్క ఏ నేలకు భయపడుతోంది, ఏ వేళప్పుడు, ఎప్పటినుంచి అన్నది రెండు రోజులు గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు చాలా కుక్కలు బుద్ధిగా నడిచేస్తాయి.

ఒక్క గదిలోకే రాదు, మిగతా ఇల్లంతా మామూలే

ఇలాగైతే కుక్క కాళ్లను కాదు, ఆ గదిని అనుమానించండి. మా ఇంట్లో దొంగ కూలర్. ఎర్త్ వైరు ఊడిపోయి ఇనప బాడీకి కరెంటు పాకుతోంది. నీళ్లు పోసేటప్పుడు కింద ఒలికిన తడిలో నిలబడి వాడు ముక్కు ఆనించి ఉంటాడు. మేం ఇంట్లో రబ్బరు చెప్పులతో తిరుగుతాం, కూలర్‌ను ముట్టుకునేది కూడా ప్లాస్టిక్ మీట దగ్గరే, కాబట్టి మాకు చురుక్కుమనలేదు. షాక్ ఎక్కడినుంచి వచ్చిందో కుక్కకు తెలియదు. తన కాళ్ల కింద ఏముందో అదే కరిచిందనుకుంటుంది. అందుకే కూలర్‌ను వదిలేసి హాలు మొత్తాన్ని వెలేశాడు.

ఈ అనుమానం వస్తే చేత్తో ముట్టుకుని పరీక్షించకండి. స్విచ్ బోర్డు దగ్గర ఆపి, ప్లగ్ పీకి, పిల్లల్ని అటు వెళ్లనీయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కూలర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు అన్నింటికీ ఎర్త్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో ఇరికించడం మన ఇళ్లలో మామూలే. అక్కడితో ఎర్త్ పోయినట్టే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించుకుంటే కరెంటు లీకవగానే సప్లై ఆగిపోతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన ఇల్లయితే, కింది ప్లగ్ పాయింట్లన్నీ విప్పించి చూడటం ఇంకా అవసరం. కుక్క కోసం కాకపోయినా మీకోసం.

కరెంటు కాకపోతే చప్పుడు. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతూ కొట్టే బీప్, కుక్కర్ విజిల్, పక్క వాటాలో డ్రిల్లింగ్. మనకు దాదాపు 20 వేల హెర్ట్జ్ దాకానే వినపడుతుంది, కుక్కకు 45 వేల దాకా. మన చెవికి నిశ్శబ్దంగా ఉన్న గది దానికి గోలగా ఉండొచ్చు. లేదంటే వాసన: ఫినాయిల్ చిక్కగా పోసి తుడిచినా, బాత్రూమ్ యాసిడ్‌తో టైల్స్ కడిగినా పాదాలు మండుతాయి. వాటిని నాకితే ఆ మందు కడుపులోకీ పోతుంది. మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరాకే వదలండి. వారం రోజులు ఉత్త నీళ్లతో తుడిచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

మెరిసే నేల ఎక్కడున్నా భయం, మట్టి మీద హాయిగా పరుగు

ఇది పట్టు దొరకని సమస్య. పాత ఇళ్లలో గరుకు నాపరాళ్లు ఉండేవి, కాలు నిలిచేది. ఇప్పుడు అద్దంలాంటి టైల్స్, పాలిష్ గ్రానైట్. ఒక్కసారి కాళ్లు చాచుకుని పడితే చాలు, మర్నాటినుంచి గోడ పట్టుకుని నడుస్తుంది. పైగా భయపడ్డ కుక్క ఒళ్లు బిగబట్టి గోళ్లు దించుతుంది. మట్టిలో గోరు దిగబడుతుంది, టైల్ మీద దిగబడదు. అరికాలి మెత్త నేలకు ఆనదు. దాంతో ఇంకా జారుతుంది.

ముందు గోళ్లు చూడండి. నడుస్తుంటే టకటకమని చప్పుడొస్తే పెరిగినట్టే. కొసలు కొద్దికొద్దిగా కత్తిరించాలి. నల్ల గోళ్లలో రక్తనాళం కనిపించదు కాబట్టి మొదటిసారి డాక్టరు దగ్గరే చేయించడం మేలు. వేళ్ల సందుల్లో బొచ్చు పెరిగి ఉంటే అదీ తీయాలి. పాదాలు పగిలాయని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. ఆ కాళ్లతో టైల్స్ మీదకు వదిలితే మనమే జారించినట్టు.

ఏ నేలైనా జంకే, లేవడానికీ కష్టమే

కుక్క నొప్పిని నోటితో చెప్పదు, నేలను తప్పిస్తుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు, పొమెరేనియన్‌లకు మోకాటి చిప్ప తొలగడం, వయసు మీదపడితే కీళ్ల అరుగుదల. మన ప్రాంతంలో ఇంకోటి మరవకూడదు: పిడుదుల వల్ల వచ్చే జ్వరం. కీళ్లు పట్టేసి, తిండి మానేసి మూలన పడుకుంటుంది. రక్తపరీక్షతో బయటపడుతుంది. తల ఒక పక్కకు వాల్చి తూలుతుంటే చెవి లోపల చీము ఉండొచ్చు. వీటిలో ఏది కనిపించినా మ్యాట్లూ ట్రైనింగూ తర్వాత, ముందు పశువైద్యుడు. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

చీకటి పడ్డాకే జంకుతుంటే కళ్లు చూపించండి, ఈలోగా నేల దగ్గర చిన్న బెడ్ లైటు పెట్టండి. మధ్యాహ్నం డాబా మీదకో బాల్కనీలోకో రానంటే అది భయం కాదు, తెలివి. బెజవాడ మే ఎండలో అరచేతి వెనకభాగం ఆ నేలమీద 5 సెకన్లు ఆనించి చూడండి.

కారణం పోయింది, భయం పోలేదు

మా ఇంట్లో ఎక్కువ రోజులు పట్టింది దీనికే. కూలర్ బాగుచేయించాక జానీ పరుగెత్తుకొస్తాడనుకున్నాం. రాలేదు.

గడప నుంచి సోఫా దాకా మ్యాట్లతో బాట వేశాను. పాత యోగా మ్యాట్ ముక్కలు, బీసెంట్ రోడ్డులో కొన్న, అడుగున రబ్బరున్న డోర్ మ్యాట్లు. దుప్పటీ, జంపఖానా పనికిరావు. టైల్ మీద జారాయంటే పడిన కష్టమంతా ఒక్క క్షణంలో పోతుంది. మొదటి మ్యాట్ వాడు నమ్మే నేలమీదే, వంటింటి లోపలే మొదలవ్వాలి.

ఉడికించిన చికెన్ ముక్కలు, ఉప్పూ మసాలా ఉల్లిపాయా లేకుండా. కిస్మిస్, చాక్లెట్ విషం, వద్దు. ముక్క మ్యాట్ మీద వేసి నేను పక్కకు తప్పుకునేదాన్ని. తినేసి వెనక్కి వెళ్లిపోతానన్నా వెళ్లనిచ్చాను. వెనక్కి దారి ఉందని తెలిసిన కుక్కే ముందుకొస్తుంది. మొదట్లో ముక్కును ముక్క వాసనతో నడిపించి హాలు మధ్యదాకా తెచ్చేశాను. మాంసం అయిపోయాక చుట్టూ చూసుకుని వణికిపోయాడు, మర్నాడు చికెన్ గిన్నెను చూసే పారిపోయాడు. ఎత్తుకుని తెచ్చి దించడమూ ఇలాంటిదే.

రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. పెదవులు నాకడం, ఊరికే ఆవలించడం, తోక కడుపు కిందకు పోవడం కనిపిస్తే ఒక మ్యాట్ వెనక్కి రండి. హాయిగా నడుస్తుంటే రెండు రోజులకోసారి మ్యాట్ల మధ్య జానెడు ఖాళీ పెంచండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. నేను పొద్దున ముక్కలు వేయడం, సాయంత్రం మా ఆయన బెల్టు లాగడం, అలా మొదటి వారం వృథా అయింది. చివరికి బెల్టు దాచేశాను.

మూడు వారాలకు జానీ హాలు దాటాడు. కూలర్ ఇప్పుడు అటకెక్కింది. అది ఉండే మూలను మాత్రం ఇప్పటికీ చుట్టు తిరిగే వస్తాడు. అక్కడో మ్యాట్ అలాగే ఉంచేశాం.