మెరిసే పాత పిస్తోలు: అనుమానం ఎక్కడ, అసలు సంగతి ఎక్కడ

బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ మార్క్ 6 (.455 బోరు), ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 (.38 బోరు) రివాల్వర్లు ఇంట్లో ఉంటే వాటి అసలుదనం, వెల ఎలా తేల్చుకోవాలో ఇది. బోరు అంటే తూటా వెళ్ళే గొట్టం లోపలి కొలత. మన చట్టంలో ఈ రెండు బోర్లూ నిషిద్ధ కోవలోవే. వీటి లైసెన్సు కేంద్ర హోంశాఖ నుంచి రావాలి.

భోషాణంలో దొరికింది, కాగితం లేదు

తుడవకండి, తూటాలున్నాయేమోనని తెరవకండి, ఎవరికో చూపిద్దామని సంచిలో వేసుకుని రాజమండ్రి బస్సు ఎక్కకండి. లైసెన్సుదారు పోయాక వారసులు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో జమచేయాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్‌కు కబురు పెట్టి, రసీదు తీసుకుని, ఆ తర్వాతే వారసత్వపు లైసెన్సుకు దరఖాస్తు. కాగితం తేలేదాకా దాని వెల సున్నా. కింది పరీక్షలన్నీ లైసెన్సున్నవారికే.

నిగనిగలాడుతోంది, అక్షరాలు మాత్రం అరిగిపోయాయి

కారణం ఒక్కటే: బఫ్ చక్రం మీద సానబట్టి మళ్ళీ నీలిపూత (తుప్పు పట్టకుండా ఉక్కు మీద వేసే నీలి నలుపు పూత) వేశారు. భూతద్దంతో చూడండి. ముద్రల అంచులు కరిగినట్టుంటాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్ళెంలా దిగి ఉంటుంది, ఫ్రేమ్ మూలలు గుండ్రబడి ఉంటాయి. దీనికి పరిష్కారం లేదు, పోయిన లోహం తిరిగి రాదు. బ్యారెల్ కొసన పూత పోయి, తక్కినచోట గోధుమరంగు తేలిన సరుకే కొనేవాడికి ముద్దు. దాన్ని అలాగే ఉంచండి.

రెండు మినహాయింపులు. ఎన్‌ఫీల్డ్ మీద మందపాటి నల్ల పెయింటుంటే నకిలీ అనుకోవద్దు, సర్కారు మరమ్మతులో వేసిన పూత కావచ్చు. వెబ్లీల్లోనే మరో రకం, రెండో ప్రపంచయుద్ధం నాటి .38 బోరుది గరుకుగా ఉండి, పక్కన ‘వార్ ఫినిష్’ అని ముద్ర ఉంటే ఆ గరుకుతనం ఫ్యాక్టరీదే.

సిలిండర్ వెనక ఖాళీ ఎక్కువగా కనబడుతోంది

సిలిండర్ అంటే తూటాలు పట్టే తిరిగే భాగం. తూటాలు లేవని రూఢి చేసుకుని, మూసి, పక్కనుంచి వెలుతురుకు పట్టండి. వెబ్లీలో ఖాళీ నిజంగానే ఎక్కువుంటే, సిలిండర్ వెనక ముఖాన్ని కోసి, .45 ఆటోమేటిక్ తూటాలు క్లిప్పుతో పట్టేలా మార్చారన్నమాట. అమెరికా బజారు కోసం ఇలా ఎన్నో కోశారు. ఆ తూటా ఒత్తిడి పాత వెబ్లీ ఓర్చుకునేదానికంటే ఎక్కువ, పేల్చడం ప్రమాదం. వేరే సిలిండర్ తెచ్చి వేస్తే ఫ్రేమ్, సిలిండర్ నంబర్లు కలవవు, విలువ ఇంకా పడిపోతుంది.

హ్యామర్‌కు వెనక కొమ్ము లేదు

హ్యామర్ అంటే తూటాను కొట్టి పేల్చే భాగం, కొమ్ము అంటే దాన్ని బొటనవేలితో వెనక్కి లాగే కొస. అది విరిగిందనుకుని కొత్తది వేయించేవారున్నారు. 1938లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 1 స్టార్ తయారీలోనే అంతే, ట్రిగ్గర్ లాగితేనే పనిచేస్తుంది. ఆకురాయి గీతలు కనిపిస్తేనే అనుమానించాలి.

తెరుచుకోవడం లేదు

ఎడమపక్క మీటను బొటనవేలితో నొక్కితే బ్యారెల్ ముందుకు వంగాలి. వంగకపోతే లోపల తూటా ఉందనే అనుకుని మెలగాలి, సుత్తి జోలికి పోవద్దు. 1986 గోదావరి వరదలో మునిగిన ఇళ్ళ సరుకైతే ఒండ్రు, గట్టిపడ్డ నూనె, తుప్పు కలిసి బిగుసుకుని ఉండొచ్చు. ఆ పని లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారుకే అప్పగించండి.

ప్రతి వర్షాకాలం తుప్పు

తప్పు రెండుచోట్ల. తోలు ఒర తేమ పీల్చి ఇనుముకు అంటగడుతుంది, కాబట్టి ఒరను విడిగా పెట్టండి. రెండోది కొబ్బరినూనె. కోనసీమలో చేతికందేది అదే కావచ్చు గాని, కాలక్రమంలో చెడి జిగురవుతుంది. పలచటి మినరల్ ఆయిల్ గుడ్డకు అద్ది, చేతి చెమట మరకలు పోయేలా తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టెలో పెట్టాలి. గీకుడు కాగితం, చింతపండు, నిమ్మరసం ఏవీ వద్దు.

ముద్రలు ఏం చెబుతాయి

వెడల్పు బాణం సర్కారు సొత్తు గుర్తు. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే భారత సైన్యం చేతిలోకి వచ్చింది. ఎదురెదురుగా మొనలు తాకే రెండు బాణాలుంటే సర్కారు అధికారికంగా అమ్మేసింది. అక్షరం తిరగబడినా, వరస వంకరపోయినా అది నాటు కాపీ కావచ్చు, లైసెన్సు కాగితంలోని నంబరుతో పోల్చండి. కలవకపోతే వెల మాట పక్కనబెట్టి వకీలుతో మాట్లాడి, స్టేషన్‌కు తెలపండి.

వెల కట్టించుకోవడానికి లైసెన్సున్న వ్యాపారికి ముందుగా ఫొటోలే పంపండి: రెండు పక్కలు, నంబరున్న ప్రతి భాగం, సిలిండర్ వెనక ముఖం, పిడి చెక్కలు. కొనగలవాడు ఆ బోరు లైసెన్సున్నవాడే. అలాంటివారు కొద్దిమంది కాబట్టి విదేశీ వేలం పాటల ధరలు చూసి ఇక్కడ ఆశలు పెంచుకోకండి.