తీసేసిన ఎక్స్‌టెన్షన్ మళ్లీ వస్తోందా? ఇంట్లో కంప్యూటర్‌ను, బ్రౌజర్‌ను శుభ్రం చేసే వరస

మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, కంప్యూటర్‌కి అయిదు వైరస్‌లు పట్టాయట. కింద మూల ఎర్రగా డబ్బా వస్తోంది. ఏదో నంబరు ఇచ్చాడు, చెయ్యమంటావా?" అంది. "చెయ్యకు అక్కా, దేన్నీ నొక్కకు, నేనొస్తున్నా" అన్నాను.

అంతా శుభ్రం చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. అందులో ఒకటిన్నర రోజు వరస తప్పడం వల్లే పోయింది. బ్రౌజర్‌లో కంటికి కనిపించిన ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) మూడుసార్లు తీశాను. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చి పెడుతున్నది వేరే చోట ఉంది, నేను అటు చూడలేదు. ఇంకొకరికి ఆ టెన్షన్ ఉండకూడదని ఈ వరస రాస్తున్నాను. ఇది విండోస్, క్రోమ్ ఉన్న కంప్యూటర్‌కు. ఎడ్జ్‌లో మెనూ పేర్లు కాస్త మారతాయి గానీ దారి ఇదే.

మొదట ఆ ఎర్ర డబ్బా సంగతి. దాన్ని మూసెయ్యకుండా ఒక్కసారి దగ్గరగా చూడండి. పెద్ద అక్షరాల్లో "వైరస్" అని ఉన్నా, చిన్న అక్షరాల్లో క్రోమ్ పేరు, దాని పక్కనో కిందో ఏదో ముక్కూ మొహం తెలియని వెబ్‌సైటు పేరు ఉంటాయి. అంటే అది విండోస్ ఇచ్చిన హెచ్చరిక కాదు, ఆ సైటు పంపిన నోటిఫికేషన్. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని ఎప్పుడో ఒక పేజీ అడిగి ఉంటుంది, మనం నొక్కి ఉంటాం. అసలు మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనిపించిందంటే అది మోసమే.

దీన్ని ఆపడం తేలిక. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో మీకు తెలియని ప్రతిదాని పక్కనా మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చెయ్యండి. రిమూవ్ అంటే అది మళ్లీ అడగగలదు, బ్లాక్ చేస్తే అడగలేదు. అక్క కంప్యూటర్‌లో అలాంటివి పదకొండు ఉన్నాయి. చాలామందికి బాధ ఇక్కడితోనే తీరిపోతుంది. తీరకపోతే, లేదా ఈ మధ్య తెలియని చోటి నుంచి ఏదైనా డౌన్‌లోడ్ చేసి నడిపి ఉంటే, ముందుకు వెళ్లండి.

శుభ్రం మొదలుపెట్టే ముందే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసెయ్యండి. తర్వాత ఫోన్ నుంచో, బాగున్న మరో కంప్యూటర్ నుంచో ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఆ తర్వాత బ్యాంకుది. జబ్బు పడ్డ కంప్యూటర్‌లో మాత్రం మార్చకండి, కొత్తది కూడా అక్కడే దొరికిపోతుంది. ఇప్పటి దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డ్‌లతో ఆగవు, కుకీలు కూడా ఎత్తుకుపోతాయి. మనం ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతిసారీ అడగకుండా ఉండేది ఆ కుకీల వల్లే. అవి దొరికినవాడికి చాలా చోట్ల పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండో అంచె కోడ్ కూడా అక్కర్లేదు. అందుకే పాస్‌వర్డ్ మార్చాక అకౌంట్ సెట్టింగ్స్‌లో పరికరాల జాబితా తెరిచి, అన్నిచోట్ల నుంచీ సైన్ అవుట్ చెయ్యండి. ఈ ఒక్క పనిని దయచేసి రేపటికి వాయిదా వెయ్యకండి.

ఇక జబ్బుకు అసలు వేరు దగ్గరికి వద్దాం. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, జాబితాను ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం అమర్చండి. పేర్ల వరసలో చూస్తే ఏమీ పట్టుబడదు, తేదీల వరసలో చూస్తే కథంతా తెలిసిపోతుంది. అక్క ఒక పీడీఎఫ్ కన్వర్టర్ ఎక్కించుకున్న రోజే, తను ఎప్పుడూ పేరు వినని ఇంకో రెండు ప్రోగ్రాములు కూడా ఎక్కాయి. మూడింటినీ అన్‌ఇన్‌స్టాల్ చేశాను.

అయినా ఎక్స్‌టెన్షన్ తిరిగొచ్చింది. దాని గుట్టు టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే అనుకున్న సమయానికి ప్రోగ్రాములను తనంతట తానే నడిపే విండోస్ ఏర్పాటులో, దొరికింది. స్టార్ట్ మెనూలో ఆ పేరు వెతికి తెరవండి. ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కితే మధ్యలో జాబితా వస్తుంది. ఒక్కోదాన్ని ఎంచుకుని కింద ట్రిగ్గర్స్, యాక్షన్స్ అనే రెండు ట్యాబ్‌లు చదవండి. మొదటిది ఎప్పుడు నడుస్తుందో, రెండోది ఏం నడుస్తుందో చెబుతుంది. నేను పట్టుకున్నదాని పేరులో అప్‌డేటర్ అనే ఉంది. ట్రిగ్గర్ చూస్తే, లాగాన్ అయిన ప్రతిసారీ. యాక్షన్ చూస్తే, యాప్‌డేటా ఫోల్డర్ లోపల అర్థంపర్థం లేని అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఒక స్క్రిప్ట్. యాప్‌డేటాలో ఉన్నవన్నీ చెడ్డవి కావు, మంచి ప్రోగ్రాములు కూడా అక్కడ ఉంటాయి. కాబట్టి అనుమానం వచ్చినదాన్ని వెంటనే డిలీట్ చెయ్యకుండా రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చెయ్యండి. ఏదీ చెడకపోతే రెండు రోజుల తర్వాత తీసెయ్యవచ్చు. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ యాప్స్‌ను కూడా ఇలాగే ఒకసారి చూడండి.

ఇప్పుడు స్కాన్. నెట్ మళ్లీ కలిపి విండోస్ సెక్యూరిటీని అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ముందు ఫుల్ స్కాన్, తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. రెండోది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలుకాకముందే వెతుకుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి అప్పుడు దాక్కోలేవు. సుమారు 15 నిమిషాలు పడుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ వారి ఆడ్‌క్లీనర్ వాడతాను, అది ఉచితం. దాన్ని వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనను నొక్కి దించుకుంటే, మందు అనుకుని కొత్త జబ్బు తెచ్చుకోవచ్చు.

అన్నీ అయ్యాకే బ్రౌజర్ జోలికి వెళ్లాలి. ముందు గూగుల్ అకౌంట్ సింక్ ఆపండి. ఆపకపోతే ఇక్కడ తీసిన ఎక్స్‌టెన్షన్ అకౌంట్ నుంచి మళ్లీ దిగవచ్చు, అదే అకౌంట్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కూ పాకవచ్చు. తర్వాత ఎక్స్‌టెన్షన్స్ పేజీలో మీరు చేతులారా పెట్టుకోనివన్నీ తీసెయ్యండి. దేనికైనా రిమూవ్ బటన్ లేకపోతే, మూడు చుక్కల మెనూలో అట్టడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందేమో చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లో అది మామూలే. ఇంటి కంప్యూటర్‌లో ఉంటే, ఎవరో మీ క్రోమ్‌కు పాలసీ, అంటే సెట్టింగ్స్‌లో మనం మార్చలేని నియమం, పెట్టారని అర్థం. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పెడతాయి కాబట్టి ముందు చదవండి. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని టైప్ చేస్తే జాబితా వస్తుంది. అందులో ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే వరస ఉండి, దాని ఎదురుగా 32 అక్షరాల గుర్తింపు కనిపిస్తే అది ఆ మొండి ఎక్స్‌టెన్షన్‌దే కావచ్చు. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఒక్కోదాని గుర్తింపు కనిపిస్తుంది, దానితో పోల్చుకోండి.

ఆ పాలసీ ఉండేది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్లండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారిలో చూడండి. ఆ ఫోర్స్‌లిస్ట్ ఫోల్డర్‌ను ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, తర్వాతే డిలీట్ చెయ్యండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. చెయ్యి వణికితే ఈ ఒక్క మెట్టుకు తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

షార్ట్‌కట్‌ను కూడా మరచిపోకండి. డెస్క్‌టాప్ మీది క్రోమ్ బొమ్మపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చదవండి. క్రోమ్ ప్రోగ్రామ్ పేరు, కొటేషన్ గుర్తు తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే, దాన్ని చెరిపెయ్యండి. హోమ్ పేజీ ఎన్నిసార్లు మార్చినా పాతదే తెరుచుకోవడానికి ఒక్కోసారి అదే కారణం. చివరగా క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ చెయ్యండి. బుక్‌మార్క్‌లు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (మన నెట్ రాకపోకలను మధ్యలో వేరే చోటి మీదుగా పంపే ఏర్పాటు) ఆన్ అయి ఉందేమో చూసి, మీరు పెట్టింది కాకపోతే ఆపండి.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ నడిపినా, బ్యాంకు అకౌంట్‌లో తేడా కనిపించినా ఇదంతా చాలదు. ఫోటోలు, డాక్యుమెంట్లు బయటికి తీసుకుని విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. నా దగ్గరివాళ్లకు నేను చెప్పేది అదే.

ఇకముందు రాకుండా నేను అక్క కంప్యూటర్‌లో చేసినవి కొన్నే. నోటిఫికేషన్లు ఏ సైటూ అడగకుండా మొత్తంగా ఆపేశాను. చెడ్డ సైట్ల గురించి హెచ్చరించే క్రోమ్ సేఫ్ బ్రౌజింగ్‌ను ఎన్‌హాన్స్‌డ్‌లో పెట్టాను. ప్రకటనలు ఆపడానికి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టాను, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ దొరుకుతుంది. రోజూ వాడే అకౌంట్‌ను అడ్మిన్ నుంచి స్టాండర్డ్‌కు మార్చాను, ఇప్పుడు ఏది ఎక్కాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11కి మార్చాను.

అక్కకు రెండే విషయాలు నేర్పాను. స్క్రీన్ నిండా హెచ్చరిక వచ్చి కదలకపోతే ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో క్రోమ్‌ను ఎండ్ టాస్క్ చెయ్యాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవనా అని అడిగితే వద్దనాలి. రెండోది, "మనిషినని నిరూపించుకోవడానికి" విండోస్ కీ, ఆర్ నొక్కి ఏదో పేస్ట్ చెయ్యమని ఏ పేజీ అడిగినా వెంటనే మూసెయ్యాలి. అలా పేస్ట్ అయ్యేది మాల్‌వేర్‌ను దించే కమాండ్.

వారం తర్వాత మళ్లీ వెళ్లి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో ఒక్కటే ఉంది, నేను పెట్టింది. సింక్‌ను ఆ రోజే మళ్లీ ఆన్ చేశాను.