షియాన్‌కి గ్రూప్‌గా స్టడీ ట్రిప్ వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేస్కోండి

చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు సెలవులు రాగానే బీజింగ్, షాంఘై అంటారు, కానీ నలుగురూ కలిసి నేర్చుకోడానికి వెళ్ళాలంటే నా ఓటు షియాన్‌కే. పాత పేరు చాంగాన్, తాంగ్ రాజుల రాజధాని, సిల్క్ రోడ్ మొదలయ్యే ఊరు. పైగా స్కూల్ సోషల్ పుస్తకంలో చదివాం కదా హుయాన్ త్సాంగ్ అని, ఆయన ఇక్కడి నుంచే 629 ప్రాంతంలో బయల్దేరి మన ధాన్యకటకం దాకా వచ్చి, 645లో 657 గ్రంథాలతో మళ్ళీ ఈ ఊరికే చేరాడు. అందుకే ట్రిప్ మొత్తం ఆయన చుట్టూ అల్లుకోండి, అలా ఏదో ఒక దారం లేకపోతే ఫొటోలు దిగి వచ్చేయడమే అవుద్ది.

డేట్స్ దగ్గర జాగ్రత్త. అక్టోబర్ మొదటి వారం, మే డే సెలవులు, చైనీస్ న్యూ ఇయర్ అస్సలు వద్దు, దేశం మొత్తం ఆ రోజుల్లోనే కదులుద్ది, రైలు టికెట్ దొరకదు, దొరికినా మ్యూజియంలో జనం వీపులు తప్ప ఏం కనపడదు. ఏప్రిల్ గానీ అక్టోబర్ చివర గానీ హాయిగా ఉంటది.

ఇక అసలు పని పాస్‌పోర్ట్‌తో. రైలు, టెర్రకోటా (అంటే మట్టి సైనికుల బొమ్మలుండే చోటు), మ్యూజియం అన్నీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్ మీదే బుక్ అవుతాయి కాబట్టి గ్రూప్‌లో ఒకళ్ళు కూర్చుని అందరి వివరాలూ ఒక షీట్‌లో ఎక్కించాలి, వాట్సాప్‌లో ఎవరికి వాళ్ళు టైప్ చేసింది కాదు, పాస్‌పోర్ట్ ఫొటో చూసి ఎక్కించాలి. మన ఇంటిపేర్లతో గొడవ ఏంటంటే కొందరికి సర్‌నేమ్ ముందు, కొందరికి అసలు ఆ గడే ఖాళీ, తారుమారు అయితే స్టేషన్ గేట్ దగ్గర ఆగిపోవాల్సి వస్తది. రైలు టికెట్లు 15 రోజుల ముందు ఓపెన్ అవుతాయి, చైనా రైళ్ళ టికెట్ యాప్ 12306లో పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ మాత్రం అంతకంటే ముందే అయిపోవాలి. షాన్‌షీ హిస్టరీ మ్యూజియం మామూలు టికెట్ ఫ్రీయే, కానీ ముందే బుక్ చేస్కోవాలి, స్లాట్లు చిటికెలో అయిపోతాయి, సోమవారం సెలవు. హోటల్ వాళ్ళని కూడా విదేశీయుల్ని తీసుకుంటారా అని ముందే అడగండి.

అలీపేలో గానీ వీచాట్‌లో గానీ ఇంటర్నేషనల్ కార్డ్ కలిపి బయల్దేరే ముందే చిన్న పేమెంట్ చేసి చూస్కోండి. గూగుల్ పని చేయదు, దాని బదులు గావ్‌దే అనే చైనా మ్యాప్ యాప్ వేస్కుని హోటల్ పేరు చైనీస్ అక్షరాల్లో ప్రతి ఒక్కళ్ళ ఫోన్‌లో పెట్టండి.

మొదటి రోజు పెద్ద హంస గోపురం దగ్గరే గడపండి, అదే బిగ్ వైల్డ్ గూస్ పగోడా. హుయాన్ త్సాంగ్ తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టింది, ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు. అందరూ గబగబా పైకెక్కేస్తారు, మీరు మాత్రం కింద దక్షిణ ద్వారం దగ్గర ఆగండి, అటూ ఇటూ గూళ్ళలో 653 నాటి రెండు శిలాశాసనాలు ఉంటాయి, ఆయన అనువాదాలకి చక్రవర్తి తైజోంగ్ రాసిన ముందుమాట ఒకదాని మీద, యువరాజు రాసింది ఇంకోదాని మీద. ఒకటి కుడి నుంచి ఎడమకి చదవాలి, రెండోది ఎడమ నుంచి కుడికి, తలుపుకి రెండు రెక్కల్లాగా! ఇది చెప్పేయకుండా పిల్లల్నే కనిపెట్టమనండి, భలే ఉంటది. శాసనాలు ఇష్టమైతే బేలిన్ మ్యూజియం కూడా పెట్టుకోండి, 837లో పూర్తయిన 114 రాళ్ళ మీద కన్ఫ్యూషియన్ గ్రంథాలు చెక్కి ఉంటాయి.

టెర్రకోటాకి ఒక పూర్తి రోజు ఇవ్వండి, టికెట్ 120 యువాన్లు. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్‌చి దిగి బస్సు ఎక్కితే చాలు, స్టేషన్ బయట చేయి పట్టుకుని లాగే వాళ్ళ కార్లు ఎక్కొద్దు, నకిలీ బొమ్మల షాపులకి తిప్పుతారు. 1974లో బావి తవ్వుతున్న రైతులకి దొరికింది ఇదంతా. నా సలహా, అక్కడి తవ్వకం గుంటల్లో పిట్ 3, పిట్ 2 చూసి పిట్ 1 చివర్లో చూడండి, ముందే పెద్దది చూసేస్తే మిగతావి ఎవరికీ ఆనవు. పిట్ 2లో అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు, వెనక్కి వెళ్ళి చెప్పు అడుగు చూడండి, కుట్లు కనిపిస్తాయి, వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా దగ్గరదగ్గరగా, మధ్యలో పలచగా. ఒక్కో స్టూడెంట్‌కి ఒక్కో బొమ్మ అప్పగించి జుట్టు ముడి, కవచం, చేతులు గీసి రమ్మంటే గంటలో నేర్చుకునేది ఏ లెక్చర్‌లోనూ రాదు.

మింగ్ కాలపు కోట గోడ దాదాపు 14 కిలోమీటర్లు, పైన సైకిళ్ళు అద్దెకిస్తారు, సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళండి. రాత్రి తిండికి ముస్లిం వీధి, అక్కడ గొర్రె మాంసం, బీఫే ఎక్కువ, వెజ్ వాళ్ళకి లియాంగ్‌పి, అంటే చల్లటి నూడుల్స్ మీద మిరప నూనె, మన నాలుకకి పట్టేస్తది. మాంసం, గుడ్డు తినను అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి.

పవర్ బ్యాంక్ సంగతి మర్చిపోవద్దు, చైనా లోపల విమానాల్లో త్రీసీ (3C, చైనా భద్రతా సర్టిఫికేట్) ముద్ర లేనివి 2025 జూన్ నుంచి తీసుకెళ్ళనివ్వట్లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న వాటి మీద ఆ ముద్ర ఉందో లేదో సర్దుకునేటప్పుడే చూస్కోండి.